పంతొమ్మిది గ్రైండర్లు, ఒక సున్నా

ఇప్పుడంటే కూరగాయల బండి అతను కూడా ఫోన్లో లింకు పంపించి "ఇది నొక్కండి మేడం" అంటున్నాడు గానీ, మేం ఇరవైల్లో ఉన్నప్పుడు ఇంటర్నెట్ అంటే గంటకి పదిహేను రూపాయలిచ్చి వాడుకోవాల్సిందే. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మందుల షాపు పక్కనున్న ఇరుకు మెట్లెక్కి, చెప్పులు గుమ్మం బయట విడిచి, రిజిస్టర్లో పేరు రాసి, ఏసీ గాలి తగిలే సీటు దొరికితే ఆ రోజు మన జాతకం బాగున్నట్టు లెక్క. మధ్యలో కరెంటు పోతే మిగిలిన అరగంట డబ్బులు వెనక్కిస్తారా ఇవ్వరా అన్నది మా తరాన్ని పట్టి పీడించిన ప్రశ్న. (ఇవ్వరు. నేను మూడేళ్లు వాదించాను.) ఆ రోజుల్లో నాకు కంప్యూటర్ అబద్ధం చెప్పదని గట్టి నమ్మకం. మనుషులు చెబుతారు, అది చెప్పదు. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు గానీ, నిజం మాత్రమే చెప్పే యంత్రం కూడా ఒక కొంప ఎలా ముంచగలదో అప్పటికి తెలియదు. ఈ సంగతి రాద్దామని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. నవ్వుతాలుగానే మొదలుపెడుతున్నాను. చివరికొచ్చేసరికి ఎలా తేలుతుందో నాకే నమ్మకం లేదు.

పటమటలో ఒక సందులో, పై అంతస్తులో రెండు గదుల వాటా మాది. అమ్మ, అక్క, నేను. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆయన వన్‌టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో పాతికేళ్లు పనిచేశారు. ఆ కొట్టు షావుకారు గారు ఎప్పుడు కనిపించినా "మీ నాన్న కూర్చున్న చోటు ఖాళీగానే ఉందిరా, వచ్చి కూర్చో" అనేవారు. ఆయన ప్రేమగానే అనేవారు. నాకు మాత్రం తలకొట్టేసినట్టుండేది. డిగ్రీ పాసయ్యాను, కంప్యూటర్ కోర్సు చేశాను, నేను వెళ్లి తానులు విప్పి చూపించడమేమిటని రోషం. ఆ రోషంతో ఇంట్లో కూర్చుని అక్క జీతం తిన్నాను. అక్క నాకంటే మూడేళ్లు పెద్ద. దగ్గర్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. బీఈడీ చేస్తే గవర్నమెంటు ఉద్యోగం పరీక్ష రాయొచ్చని దాని ఆశ. ఎంట్రన్సు రాసింది, మంచి ర్యాంకు తెచ్చుకుంది. గన్నవరం వెళ్లే దారిలో ఉన్న కాలేజీలో సీటు వస్తుందని అందరూ చెప్పారు. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటూ ఆ ఏడాది ఇల్లు నెట్టుకొస్తానంది. ఫీజు కోసం నెలనెలా చీటీ కట్టి, పాడుకుని, ఎనిమిది వేలు బీరువాలో చీరల అడుగున దాచింది. ఆ చీరలు ఎన్నో, డబ్బు ఏ చీర అడుగున ఉందో నాకు తెలుసు. తెలియడమే దాని దురదృష్టం.

నాకప్పుడే ఇంటర్నెట్ సెంటర్లో ఒక మహత్తరమైన విషయం కంటబడింది. కోయంబత్తూరు కంపెనీ ఒకటి, టేబుల్ మీద పెట్టుకునే పిండి గ్రైండర్లు చేసేది, తమ సరుకు అమ్మిపెట్టేవాళ్లకి కమీషన్ ఇస్తామని వెబ్‌సైట్లో రాసింది. మనం చేయాల్సిందల్లా మన పేజీలో వాళ్ల లింకు పెట్టడం. ఎవరైనా ఆ లింకు నొక్కి వాళ్ల పేజీకి వెళితే, ఆ నొక్కిన కంప్యూటర్లో మన నంబరు ఒక గుర్తుగా పడుతుంది. నెలరోజుల్లోపు ఆ కంప్యూటర్ నుంచి గ్రైండరు కొంటే అయిదు వందలు మనవి. నాకు కళ్లు తిరిగాయి. షావుకారు గారి ముందు నిలబడక్కర్లేదు, తానులు మడతపెట్టక్కర్లేదు, ఇంట్లో బనీనుతోనే కూర్చుని అయిదు వందలు! వేళ్ల మీద లెక్కేశాను. పదహారు గ్రైండర్లు అమ్మితే ఎనిమిది వేలు. మా సందులోనే ముప్పై కాపురాలున్నాయి, అందరూ రోజూ ఇడ్లీ దోసెలు తినేవాళ్లే.

అక్క దగ్గరికి వెళ్లాను. "అక్కా, ఆ డబ్బు చీరల కింద పడుకుని ఏం చేస్తుంది? నాకియ్యి. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొంటాను, ఫోన్ లైనుకి నెట్ పెడతాను. నీ కౌన్సెలింగ్ నాటికి ఎనిమిది వేలూ నీ చేతిలో పోస్తాను" అన్నాను. పోస్తాను అనే అన్నాను, బాగా గుర్తు. అక్క "ఒరేయ్, అది పోతే నాకింకో దారి లేదురా. కాలేజీ వాళ్లు ఒక్కరోజు కూడా ఆగరు" అంది. "పోదక్కా. ఇది మనుషుల చేతిలో లేదు, కంప్యూటర్ చేతిలో ఉంది" అన్నాను. ఆ మాటకి అది నమ్మిందో, నేను నాలుగు నెలలుగా గడ్డం గీసుకోకుండా తిరుగుతున్నానని జాలిపడిందో గానీ, లేచి వెళ్లి బీరువా తీసింది. అమ్మ వంటింట్లోంచి "ఆడపిల్ల చదువు డబ్బురా అది, జాగ్రత్త" అని ఒక్కమాట అని మళ్లీ చింతపండు పిసకడంలో పడిపోయింది.

అలా మా ముందుగదిలోకి కంప్యూటర్ వచ్చింది. దాని సీపీయూ ఆన్ చేస్తే బోరు మోటారు వేసినట్టుండేది. నేను అమ్మ వంటలతో ఒక వెబ్‌సైటు తయారుచేశాను. అమ్మ చెబుతుంటే నేను ఇంగ్లీషులో టైపు చేయాలి. "మినప్పప్పు ఎంత?" అంటే "చాలినంత" అనేది. "ఎంతసేపు నానాలి?" అంటే "నానేదాకా" అనేది. ఈ పద్ధతిలో పెసరట్టు, గారె, ఊతప్పం, మొత్తం పధ్నాలుగు పేజీలు పెట్టి, ప్రతి పేజీ అడుగునా గ్రైండర్ బొమ్మ, దాని కింద నా లింకు పెట్టాను. తర్వాత సందులోని ఆడవాళ్లని ఒక్కొక్కరినీ పిలిచి చూపించాను. ఎదురింటి పిన్నిగారు కుర్చీ లాక్కుని కూర్చుని, తెర మీద తిరుగుతున్న రాళ్లని చూసి "అబ్బాయ్, ఇది మన ఎదుటే రుబ్బుతున్నట్టుందే" అన్నారు. కింది వాటాలో జాకెట్లు కుట్టే ఖాలా (సందు సందంతా ఆవిడని ఖాలా అనే పిలిచేది) కళ్లజోడు సర్దుకుని ధర చూసి "అయిదు వేలా! తగ్గించరా బేటా?" అంది. "ఇంటర్నెట్లో బేరం ఉండదు ఖాలా, ఫిక్స్‌డ్ రేటు" అన్నాను గొప్పగా. ఆవిడ నావంక చూసిన చూపులో జాలి ఉందని ఇప్పుడర్థమవుతోంది. అందరూ "ఆలోచించుకుని చెప్తాం" అని వెళ్లిపోయారు. కొనాలనుకుంటే మా ఇంటికొచ్చి నా కంప్యూటర్లోనే కొనండని చెప్పి, ఊళ్లో బంధువులెవరైనా కొంటామంటే ఇవ్వమని వెబ్‌సైటు పేరు చీటీల మీద రాసి పంచాను.

రెండు వారాలు తిరక్కుండానే సందులోకి ట్రాన్స్‌పోర్టు వాళ్ల రిక్షా వచ్చింది. దాని మీద అట్టపెట్టె, పెట్టె మీద నా కంపెనీ పేరు. అది పిన్నిగారింటి ముందు ఆగింది. నేను బాల్కనీలోంచి ఎగిరి దూకకుండా అమ్మే పట్టుకుంది. మా కంప్యూటర్లో కొనలేదేమా అనిపించింది గానీ, వాళ్లాయన ఆఫీసులో ఎవరిచేతో నా లింకు నొక్కించి ఉంటారులే అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. మర్నాడు ఖాలా ఇంటికొకటి, ఆ వారంలోనే మూడు, ఆ పై వారం నాలుగు. నేను గోడ మీది క్యాలెండరులో టిక్కులు పెట్టుకుంటూ పోయాను. పొద్దున ఆరింటికల్లా సందులో ఒక్కో ఇంట్లోంచీ గర్రుమని మొదలయ్యేది. లోకానికది రొద. నాకు మాత్రం పక్కింట్లో అయిదొందలు, మూలింట్లో అయిదొందలు తిరుగుతున్నట్టుండేది. పక్క మీద పడుకునే కళ్లు మూసుకుని లెక్కపెట్టుకునేవాడిని. మనిషి జీవితంలో అంత సుఖంగా పడుకునే రోజులు చాలా తక్కువ వస్తాయి, ఆ రోజుల్లో తెలియదు.

కంపెనీ వాళ్లు నాకొక రిపోర్టు పేజీ ఇచ్చారు. అందులో రెండు గళ్లు. ఎంతమంది నొక్కారు, ఎంతమంది కొన్నారు. నొక్కినవాళ్లు నలభై చిల్లర. కొన్నవాళ్లు సున్నా. మొదట్లో నవ్వుకున్నాను, లెక్క ఆలస్యంగా ఎక్కుతుందేమోనని. పది టిక్కులయ్యాయి. సున్నా. పదమూడయ్యాయి. సున్నా. డయలప్ లైను కుయ్యో కయ్యో అని మొత్తుకుని కలిసేది, నేను పేజీ తెరిచేవాడిని, ఆ సున్నా గుడ్లు మిటకరించి నావైపే చూసేది. సాయంత్రం స్కూలు నుంచి రాగానే అక్క చెప్పులు విప్పుతూనే "ఎన్నయ్యాయిరా?" అనేది. "పదమూడు" అనేవాడిని. క్యాలెండరులో పదమూడే కదా, అబద్ధం కాదు. అది వేళ్ల మీద లెక్కేసుకుని "ఇంకో మూడు" అని మొహం కడుక్కోవడానికి వెళ్లేది. వెళ్తూ వెళ్తూ ఏదో కూనిరాగం తీసేది.

కంపెనీకి ఉత్తరాలు మొదలుపెట్టాను. డిక్షనరీ ముందేసుకుని, "రెస్పెక్టెడ్ సర్" తో మొదలుపెట్టి "ప్రే యువర్ జస్టిస్" తో ముగించి, మధ్యలో మా సందు భౌగోళిక పరిస్థితంతా వర్ణించి ఈమెయిలు పంపాను. రెండు ముక్కల్లో జవాబొచ్చింది. మీ నంబరు మీద అమ్మకాలేవీ నమోదు కాలేదు, ధన్యవాదాలు. మళ్లీ రాశాను. మళ్లీ అదే ధన్యవాదాలు. ఆ ధన్యవాదాలు చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. సాక్ష్యం చూపిస్తే చచ్చినట్టు ఒప్పుకుంటారని, నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. "పిన్నిగారూ, ఒకసారి మీ గ్రైండర్ వారంటీ కార్డు ఇస్తారాండీ, నంబరు రాసుకోవాలి" అంటే, ఆవిడ బియ్యం డబ్బా అడుగు నుంచి కార్డు తీసిచ్చి, పోతూ పోతూ గిన్నెడు దోసెల పిండి కూడా చేతిలో పెట్టారు. రెండో ఇంట్లోనూ పిండే. ఖాలా అయితే ఇడ్లీ పిండి, దోసెల పిండి, రెండు రకాలూ ఇచ్చింది. పదిహేడు ఇళ్లు తిరిగి పదిహేడు నంబర్లతోనూ, ఇంట్లో గిన్నెలన్నిటా నిండిన పిండితోనూ తేలాను. వారం రోజులు మా ఇంట్లో మూడు పూటలా దోసెలే. అమ్మ విసుక్కుంటూ "కమీషన్ పిండిగా ఇస్తున్నారేమిట్రా మీ కంపెనీ వాళ్లు?" అంది. అందరం నవ్వాం. అక్క అందరికంటే గట్టిగా నవ్వింది, దాని లెక్క ప్రకారం ఫీజు అప్పటికే వచ్చేసింది మరి.

ఆ నంబర్లన్నీ టైపు చేసి పంపించాను. జవాబు రాలేదు. ధన్యవాదాలు కూడా రాలేదు. అక్క కౌన్సెలింగ్ ఇంకా వారమే ఉంది. రెండు గ్రైండర్లు మళ్లీ దిగాయి, క్యాలెండరులో పంతొమ్మిది టిక్కులు. ఇక లాభం లేదని ఒక మధ్యాహ్నం ఎస్టీడీ బూత్‌కి వెళ్లాను. (ఇంట్లో ఫోనుంది గానీ అమ్మ వింటుంది.) కోయంబత్తూరు కలిసింది. ముందు ఒకమ్మాయి అరవంలో ఏదో అని, నా ఇంగ్లీషు రెండు నిమిషాలు భరించి, తెలుగొచ్చిన పెద్దాయనకి ఇచ్చింది. మీటరు ఎర్రటి అంకెలతో పరిగెడుతోంది. నేను అప్పటికి నెలన్నరగా కడుపులో దాచుకున్నదంతా కక్కేశాను. మోసం అన్నాను, కన్స్యూమర్ కోర్టు అన్నాను, పేపర్లో వేయిస్తానన్నాను. ఆయన అంతా విని ఎంతో మర్యాదగా, "సార్, మీరు విజయవాడ పటమట తమ్ముడు గారేనా?" అన్నారు.

అవునన్నాను.

"మీ పేరు మాకు బాగా తెలుసు సార్. మీ ఊరి నుంచి అందరూ ఫోన్లోనే కదా ఆర్డరిస్తారు. మా పేజీ కింద ఉంటుందే, ఆ నంబరుకి. లింకు నొక్కి ఒక్కరూ కొనలేదు సార్, అందుకే కంప్యూటర్లో ఎక్కలేదు" అన్నారాయన. "సరే, ఫోన్లోనే అనుకోండి. నా పేరు చెప్పారు కదా! నా కమీషన్ నాకివ్వాలి కదా!" అన్నాను. "ఇచ్చేశాం కదా సార్, వాళ్లకే ఇచ్చేశాం. మొదట్లో ఒక మేడం ఫోన్ చేశారు. టీచరునని చెప్పారు. మా తమ్ముడు మీ ఏజెంటు, వాడి పేరు చెప్పినవాళ్లందరికీ తగ్గించి తీరాలి, లేకపోతే మా సందులో ఒక్కరూ కొనరు అని గట్టిగా అడిగారు. నేను రెండొందలు అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు సార్. ఇరవై నిమిషాలు బేరమాడి అయిదొందలు చేయించారు. మా ఓనరు గారు కూడా, ఏజెంటుకి ఇచ్చేదేదో వాళ్లకే ఇచ్చేయండి, రెండూ ఇవ్వలేం కదా అన్నారు. మేడం చాలా తెలివైనవారు సార్" అన్నారు.

రిసీవరు ఎప్పుడు పెట్టేశానో గుర్తులేదు. బూత్ అతను చిల్లర ఇస్తూ "ఏంటండీ, ఎవరైనా పోయారా?" అన్నాడు. లేదని తలూపాను.

మీకు చెప్పాలి. మా ఊళ్లో ఏ కొట్టుకెళ్లినా, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, ముందు ఫలానావారు పంపారని చెప్పడం ఆచారం. చెప్పకపోతే తగ్గించరు, చెబితే తగ్గిస్తారు. పంపినవాడి గౌరవం కొద్దీ తగ్గింపు. నాన్న కొట్లో అదే పద్ధతి, మా అక్క పుట్టి బుద్ధెరిగి చూసింది అదే. ఎవరి పేరు చెబితే వాళ్ల ఖాతాలో మంచి పడుతుందని అది నమ్మింది. తగ్గింపు కంపెనీ జేబులోంచి వస్తోందని, నా అయిదొందలు నాకు విడిగా వస్తాయని అనుకుంది. లింకు నొక్కడం, గుర్తు పడడం, ఇవన్నీ నేను దానికి చెప్పాను. నాకంటే తెలివైనది కదా, అర్థమయ్యే ఉంటుందనుకున్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని ఫిక్స్‌డ్ రేటు అని నేను ఛాతీ విరుచుకుంటుంటే, అక్క నా వెనకాల ఇల్లిల్లూ తిరిగి, ఇంటికో గ్రైండరు చొప్పున నాకోసం అమ్ముకుంటూ వచ్చింది. అమ్మిన ప్రతి దాంతోనూ తన సీటులోంచి అయిదొందలు తీసి పక్కింటి వాళ్లకిచ్చుకుంటూ వచ్చింది.

ఏదో ఒకటి చేయాలని నేరుగా పిన్నిగారింటికి వెళ్లాను. మనసులో వాక్యం కూడా తయారుచేసుకున్నాను. పిన్నిగారూ, మీకు తగ్గిన అయిదొందలు నిజానికి నావండీ, ఇప్పించండి. అలా పంతొమ్మిది ఇళ్లు అడిగితే తొమ్మిది వేల అయిదొందలు, ఫీజు పోను ఇంకా మిగులుతుంది. తలుపు తీయగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని "రా అబ్బాయ్, మీ అక్క బంగారం. అయిదొందలు మిగిలాయి, పెద్దాడికి స్కూలు బూట్లు కొన్నాను. మా తమ్ముడికి చెప్పకండి పిన్నిగారూ, వాడు ఉత్త మొహమాటస్తుడు, బేరమాడామంటే వాడి పరువు పోయిందని బాధపడతాడు అని మరీ మరీ చెప్పింది. నువ్వు మాత్రం నేను చెప్పానని అనకు" అన్నారు. గుమ్మం పక్కనే ఆ బూట్లున్నాయి, నల్లగా, నిగనిగలాడుతూ. అడిగితే ఇచ్చేవారేమో. ఇచ్చిన పది నిమిషాల్లో మా అక్కకి తెలిసిపోయేది, తన ఫీజు తనే పంచిపెట్టిందని. అది తట్టుకోలేదనిపించింది. "వారంటీ కార్డు జాగ్రత్తండీ" అని చెప్పి వచ్చేశాను, చేతిలో మళ్లీ గిన్నెడు పిండితో.

ఆ సాయంత్రం అక్క చెప్పులు విప్పుతూ "ఎన్నయ్యాయిరా?" అంది. నేను గోడవైపు చూస్తూ "కంపెనీ మోసం చేసిందక్కా. డబ్బులివ్వరట" అన్నాను. అది ఒక చెప్పు కాలికుండగానే కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "పంతొమ్మిది అమ్మినా?" అంది. "అమ్మినా" అన్నాను. ఉన్నట్టుండి లేచి "నేను మాట్లాడతాను. వాళ్ల సంగతేంటో తేలుస్తాను" అని ఫోన్ దగ్గరికి నడిచింది. నేను పరిగెత్తి ఫోను వైరు పట్టుకుని, వాళ్ల నంబరు ఇక పనిచేయట్లేదని, కంపెనీ మూసేశారని, ఓనరు పారిపోయాడని, నోటికొచ్చినన్ని అబద్ధాలు చెప్పాను. ఆ ఓనరు ఎవరో పాపం, నాలుగు నిమిషాల్లో ఆయన్ని ఊరు దాటించేశాను. అక్క ఆ కంపెనీని తిట్టిన తిట్లు సందంతా విన్నది. మర్నాటికల్లా ఆడవాళ్లందరూ కలిసి ఆ కంపెనీ వస్తువు జన్మలో కొనకూడదని తీర్మానించారు. ఖాలా మాత్రం నాతో మెల్లిగా "కానీ బేటా, పిండి మాత్రం మెత్తగా వస్తోంది" అంది.

కంప్యూటర్ అమ్ముదామని తీసుకెళితే రెండు వేలిస్తామన్నారు. షావుకారు గారి దగ్గరికెళ్లి అడ్వాన్సు అడిగాను. ముందు నెల పనిచెయ్యి, తర్వాత చూద్దామన్నారు. కౌన్సెలింగ్ రోజు అక్క యథాప్రకారం స్కూలుకెళ్లింది. ఆ రోజు పాఠాలు బాగా చెప్పిందట, సాయంత్రం తనే చెప్పింది. నేను పక్క నెల ఒకటో తారీఖున నాన్న కూర్చున్న చోట కూర్చుని తానులు విప్పాను. నెలకి అయిదు వందలు చొప్పున పదహారు నెలలు దాని చేతిలో పెట్టాను. అప్పటికి ఆ డబ్బుకి పని మారిపోయింది. ఒక ఏడు అమ్మ కంటి ఆపరేషన్, ఆ తర్వాత అక్క పెళ్లి, ఆ తర్వాత పిల్లలు. సీటు మళ్లీ రాలేదు. రాలేదనడం కూడా తప్పే, అది మళ్లీ ఎంట్రన్సు రాయనేలేదు. కంకిపాడులో కాపురం, అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం. ఏటా జూన్‌లో జీతం పెంచమని అడిగితే, "మీరు చాలా బాగా చెబుతారు మేడం, కానీ బీఈడీ లేదు కదా" అంటారట వాళ్లు. దాని దగ్గర చదువుకుని, బీఈడీ చేసి, అదే స్కూల్లో చేరిన అమ్మాయికి ఇప్పుడు దానికంటే జీతం ఎక్కువ.

నేను తర్వాత్తర్వాత మళ్లీ కంప్యూటర్ల వైపే వచ్చాను. ఇప్పుడు నా పని ఏమిటంటే, నవ్వకండి, ఇంటర్నెట్లో వ్యాపారం చేసేవాళ్లకి తప్పిపోయిన కమీషన్లు ఎక్కడ తప్పిపోయాయో వెతికిపెట్టడం. కుర్రాళ్లు వచ్చి "సార్, లింకు నొక్కారు, కొన్నారు, లెక్కలో ఎక్కలేదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నేను పెద్దరికంగా కుర్చీ వెనక్కి వాల్చి "ముందు మీ ఇంట్లోవాళ్లని అడగండి" అంటాను. జోకు అనుకుని నవ్వుతారు.

పోయిన చలికాలంలో కంకిపాడు వెళ్లాను. అక్క వాకిట్లో కుర్చీ వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. కళ్లజోడు వచ్చింది, జుట్టు చాలావరకు తెల్లబడింది. ఏదో మాట మీద మాటొచ్చి ఆ కంపెనీ ప్రస్తావన తెచ్చి మళ్లీ తిట్టబోయింది. నాకేం పుట్టిందో, ఇన్నేళ్ల తర్వాత చెబితే ఇద్దరం నవ్వుకుంటామనిపించింది. ఎంతోమందికి నవ్వుతాలుగా చెప్పి మెప్పు పొందిన కథ కదా. చెప్పేశాను. కోయంబత్తూరు పెద్దాయన గొంతు అనుకరించి మరీ చెప్పాను, ఇరవై నిమిషాల బేరంతో సహా. చెబుతూ నేనే నవ్వాను. అక్క ఎర్ర పెన్ను మూత పెట్టి, పేపర్ల మీద పడుకోబెట్టింది.

"అంటే నా ఫీజు నేనే బేరమాడి తగ్గించానన్నమాట" అంది.

"అప్పట్లో నీకేం తెలుసక్కా" అన్నాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు బాధపడతావని."

అది నావైపు తిరిగి, కోపమేమీ లేకుండా, పిల్లల్ని లెక్క అడిగినట్టే అడిగింది. "మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

నేను సమాధానం కోసం చాలాసేపు వెతికాను. తప్పిపోయినవి వెతికిపెట్టడమే నా వృత్తి, అయినా దొరకలేదు. అక్క పెన్ను తీసుకుని మళ్లీ దిద్దుకోసాగింది. ఒకే పేపరు మీద చాలాసేపు ఉండిపోయింది. నేను బస్సెక్కి విజయవాడ వస్తూ, ఫోను వైరు గుప్పిట్లో పట్టుకుని గోడకి ఆనుకుని అబద్ధాల మీద అబద్ధాలాడిన ఆ గడ్డం కుర్రాణ్ణి తలుచుకున్నాను. వాడికి వ్యాపారం తెలియదు, ఇంగ్లీషు రాదు, లోకజ్ఞానం అసలే లేదు. అయినా నాకు వాణ్ణి చూస్తే నవ్వూ వచ్చింది, కొంచెం అసూయా కలిగింది. నలభై దాటిన ఈ పెద్దమనిషి కంటే వాడే నయం, వాడికి నోరు మూసుకోవడం తెలుసు.